ప్రత్యేక బడి ఎక్కడుంది? నల్లగొండ, పాలమూరులో తీవ్ర వైకల్యం ఉన్న పిల్లల చదువుకు ఉన్న దారులివీ

మీ బాబుకు ఆరేళ్లు దాటాయి. ఇంకా నడవలేడు, మాట సరిగా రాదు, అన్నం ఎవరైనా తినిపించాలి. ఊళ్లోని సర్కారు బడికి తీసుకెళ్తే ‘ఇట్లాంటి పిల్లలను చూసుకునేటోళ్లు మా దగ్గర లేరమ్మా, ఏదన్నా స్పెషల్ స్కూల్‌లో వేయండి’ అన్నారు. ఆ స్కూల్ ఏదో, ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇలాంటి పరిస్థితిలో ఉన్న తల్లిదండ్రులకు అసలు ఏ దారులున్నాయి? చట్టం ఏం చెబుతోంది? ఎవరిని అడగాలి? వివరంగా చూద్దాం.

ముందు అసలు విషయం. ఈ ఉమ్మడి జిల్లాల్లో దివ్యాంగుల సంక్షేమ శాఖ నడిపే రెసిడెన్షియల్ పాఠశాలలు ఉన్నాయి. వినికిడి లోపం ఉన్న పిల్లలకు మిర్యాలగూడలో, చూపు లేని పిల్లలకు మహబూబ్‌నగర్‌లో. రెండూ ఒక్కో వైకల్యానికి ఉద్దేశించినవి. చూపు లేకపోవడం ఒక్కటే సమస్య అయితే, లేదా వినపడకపోవడం ఒక్కటే అయితే వెళ్లడానికి ఒక చోటుంది. మేధో వైకల్యం (మన ఊళ్లలో బుద్ధిమాంద్యం అంటాం), ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ ఉన్నవారికి, లేదా రెండు మూడు వైకల్యాలు కలిసి ఉన్నవారికి ఆ బడులు సరిపోవు. ఈ పిల్లలకు ప్రభుత్వపరంగా దగ్గరలో దొరికేది మండల స్థాయిలో ఉండే భవిత కేంద్రం. తల్లిదండ్రులు ముందుగా వెళ్లాల్సింది అక్కడికే.

భవిత కేంద్రం అంటే ఏమిటి?

సమగ్ర శిక్ష పథకం కింద నడిచే విద్యా వనరుల కేంద్రం ఇది. ఎక్కువగా మండల కేంద్రంలోని ప్రభుత్వ పాఠశాల ఆవరణలో, లేదా మండల వనరుల కేంద్రం పక్కనే ఒకటి రెండు గదుల్లో ఉంటుంది. ఇక్కడ పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను ఐఈఆర్‌పీలు అంటారు. మండలానికి సాధారణంగా ఇద్దరు. సొంతంగా తినడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లాలని చెప్పగలగడం, రంగులు, అంకెలు, డబ్బు గుర్తుపట్టడం... ఇలా మొదలవుతుంది ఇక్కడి చదువు. వారంలో ఓ రోజు ఫిజియోథెరపిస్ట్ వస్తారు. కాళ్లు, చేతులు బిగుసుకుపోకుండా చేయించాల్సిన వ్యాయామాలను తల్లికి కూడా నేర్పిస్తారు. ఈ చివరి మాట ముఖ్యం. వారానికి ఒకరోజు చేయించిన వ్యాయామం మిగతా ఆరు రోజులూ ఇంట్లో చేయించకపోతే ఫలితం పెద్దగా ఉండదు. కాబట్టి థెరపీ జరిగేటప్పుడు బయట కూర్చోకండి, లోపలికి వెళ్లి చూసి నేర్చుకోండి.

ఒక సంగతి గమనించాలి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. వీటితో పాటు కొత్త మండలాలూ వచ్చాయి. భవిత కేంద్రాలు మాత్రం అంతకుముందు నుంచే ఉన్నవి. మీది కొత్త మండలమైతే మీ కేంద్రం పాత మండలంలోనే ఉండొచ్చు. ఎంఈవో కార్యాలయంలో అడిగితే మీ ఊరు ఏ ఐఈఆర్‌పీ పరిధిలోకి వస్తుందో చెబుతారు. ఆ టీచర్ ఫోన్ నంబరు తీసుకోండి. తర్వాత జరిగే పనుల్లో సగం ఆ ఒక్క నంబరు మీదే నడుస్తాయి.

‘మా బడిలో చేర్చుకోం’ అనొచ్చా?

అనకూడదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంతకుముందున్న 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, ఇది 21 రకాలను గుర్తించింది. ఆటిజం, బహుళ వైకల్యాలు కూడా వాటిలో ఉన్నాయి. ఈ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే, లేదా గుర్తింపునిచ్చిన విద్యాసంస్థలు దివ్యాంగ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. 31వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. మామూలు విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది, ఈ పిల్లలకు మరో నాలుగేళ్లు అదనం. అదీ తమకు నచ్చిన చోట: ఇంటి దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా.

విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో మూడో దారి వచ్చింది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి వద్దే విద్యను ఎంచుకోవచ్చు. ‘ఎంచుకోవచ్చు’ అన్న మాట దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. ఎంపిక బిడ్డది, తల్లిదండ్రులది. ‘ఈ పిల్లాడికి హోమ్ బేస్డ్ రాస్తాం, బడికి తేవొద్దు’ అని బడి తనంతట తాను నిర్ణయించడానికి కాదు ఆ సవరణ వచ్చింది. పిల్లాడిని రోజూ తీసుకురాలేని ఇంటికి అది పెద్ద ఆసరా. తీసుకురాగలిగిన ఇంటి మీద దాన్ని రుద్దితే మాత్రం బడి బాధ్యత దించుకున్నట్టే.

చేర్చుకోవడానికి ముందే సర్టిఫికెట్ తెమ్మని తిప్పి పంపడం మరో అలవాటు. పింఛనుకు, అలవెన్సులకు ధ్రువపత్రం కావాలి, నిజమే. బడిలో పేరు నమోదుకు అది అడ్డం కాకూడదు. అసలు పిల్లల్లో వైకల్య లక్షణాలను గుర్తించే పని టీచర్లతోనే మొదలు కావాలని ఎన్‌సీఈఆర్‌టీ ‘ప్రశస్త్’ అనే యాప్ కూడా తెచ్చింది. టీచరు గమనించాలి, ప్రత్యేక టీచరు సరిచూడాలి, ఆ తర్వాత వైద్యులు నిర్ధారించాలి. ఇదీ వరస. మొదటి మెట్టు దగ్గరే పేరు రాసుకోకపోతే ఆ పిల్లాడు లెక్కల్లోకే రాడు. లెక్కల్లో లేని పిల్లాడికి టీచరూ రారు, కుర్చీ కూడా రాదు.

సర్టిఫికెట్ ఎలా?

జనం నోట ఇప్పటికీ సదరం సర్టిఫికెట్ అన్న మాటే ఉంది. ఇప్పుడు దేశమంతా ఒకే విశిష్ట గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ విధానం. కేంద్రం నడిపే స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. మీసేవ కేంద్రంలో సాయం తీసుకోవచ్చు. ఆసుపత్రిలో పరీక్షల తర్వాత వైద్యులు వైకల్య శాతం నిర్ణయిస్తారు. కార్డు మీది రంగు ఆ శాతాన్ని చెబుతుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, చిన్నపిల్లలకు ఇచ్చే ధ్రువపత్రం చాలాసార్లు తాత్కాలికమే. దానిమీద చెల్లుబాటు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే పింఛనుకు ఇబ్బంది రావచ్చు. ముందే క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. రెండోది, మేధో వైకల్యాన్ని, ఆటిజాన్ని నిర్ధారించేది మానసిక నిపుణుల పరీక్షలతో. ఎముకల డాక్టరు చూసి రాసేది కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ వల్ల వంకరపోయిన కాళ్లను తరాలుగా చూసిన మనకు వైకల్యం అనగానే కంటికి కనిపించేదే గుర్తొస్తుంది. కాళ్లూ చేతులూ బాగానే ఉండి, పిలిస్తే పలకని పిల్లాడిని ‘మొండోడు’ అని వదిలేస్తాం. బిడ్డకు కాళ్ల సమస్యతో పాటు ఎదుగుదల సమస్య కూడా ఉంటే రెండూ రాయించండి. ఒక్కటే రాయిస్తే శాతం తగ్గుతుంది, బహుళ వైకల్యం కింద రావాల్సినవి రావు.

వయసు ఇంకా ఆరు నిండకపోతే బడి దాకా ఆగొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వారి దాకా పరీక్షిస్తాయి. అవసరమైన పిల్లలను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. అంగన్‌వాడీ టీచర్‌ను అడిగి బృందం ఎప్పుడొస్తుందో తెలుసుకోండి. మూడేళ్లకు మొదలుపెట్టిన థెరపీకీ, ఎనిమిదేళ్లకు మొదలుపెట్టిన దానికీ చాలా తేడా ఉంటుంది.

ఇంటి వద్దే విద్య: ఏం అడగాలి?

దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో, నల్లమలలోని చెంచు పెంటల్లో మంచం మీదున్న బిడ్డను మండల కేంద్రానికి రోజూ తీసుకెళ్లడం అయ్యే పని కాదు. అలాంటి వారికి ఐఈఆర్‌పీ ఇంటికే రావాలి. మామూలుగా వారంలో ఓ రోజు ఇందుకు కేటాయిస్తారు. ఒక టీచరు, బోలెడు ఊళ్లు. మీ ఇంటి వంతు ఎన్నాళ్లకు వస్తుందో మొదటే తేల్చుకోండి.

టీచరు వచ్చినప్పుడు మూడు విషయాలు చూడండి. బిడ్డ పేరు ఊరి బడి రిజిస్టర్‌లో ఉందా? ఇంటి వద్ద చదివే పిల్లాడైనా బడి పిల్లాడే, పేరు అక్కడ ఉండాల్సిందే. బిడ్డకంటూ ప్రత్యేకంగా రాసిన విద్యా ప్రణాళిక ఉందా? ‘మూడు నెలల్లో చెంచాతో తినడం’, ‘ఆరు నెలల్లో ఆసరాతో పది నిమిషాలు కూర్చోవడం’ లాంటి లక్ష్యాలు అందులో రాసి ఉండాలి. వచ్చిన ప్రతిసారీ తేదీ వేసి సంతకం పెడుతున్నారా? మీరూ ఓ నోటుబుక్కులో రాసుకోండి. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ నోటుబుక్కే సాక్ష్యం. టీచర్ల మీద అనుమానంతో చెబుతున్న మాట కాదిది. వాళ్లు కూడా తమ పని బరువు చూపించుకోవడానికి ఆ లెక్క పనికొస్తుంది.

టీచర్లు ఎందుకు చాలడం లేదు?

ఐఈఆర్‌పీలు ఏళ్లుగా ఒప్పంద పద్ధతిలోనే పనిచేస్తున్నారు. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ రాష్ట్రవ్యాప్తంగా సమ్మెకు దిగారు. ఐఈఆర్‌పీలూ ఈ వ్యవస్థలో భాగమే. మామూలు బడిలో ఒక టీచరు రాకపోతే ఇంకొకరు తరగతి చూస్తారు. భవితలో ఆ వీలుండదు.

2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో కీలకం. మామూలు బడుల్లో చదివే ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మందికి ఒకరు, ఆపై స్థాయిలో ప్రతి 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచర్లు ఉండాలని ఆ తీర్పు చెప్పింది. 2025 మార్చిలో అదే కేసులో, పోస్టులు ఎన్నో తేల్చి ప్రకటించాలని రాష్ట్రాలకు గడువు పెట్టింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో వచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్‌లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ పోస్టులు చూపారు. రెండూ కలిపి 1,016. రాష్ట్రం మొత్తానికి అన్ని జిల్లాలూ పంచుకోవాల్సిన సంఖ్య ఇది. శాశ్వత పోస్టులు రావడం మంచి మార్పే. అయితే మీ మండలానికి ఎంతమంది వచ్చారన్నదే మీకు కావాల్సిన లెక్క. దాన్ని సమాచార హక్కు దరఖాస్తుతో డీఈవో కార్యాలయం నుంచి తీసుకోవచ్చు: ప్రత్యేక అవసరాల పిల్లలు ఎందరు, ప్రత్యేక టీచర్లు ఎందరు, ఖాళీలు ఎన్ని. కోర్టు చెప్పిన నిష్పత్తి పక్కన పెట్టి చూస్తే ఎంత తక్కువో మీకే తెలుస్తుంది.

డబ్బు, పరికరాలు

సమగ్ర శిక్షలో ఒక్కో ప్రత్యేక అవసరాల విద్యార్థికి ఏడాదికి రూ.3,500 వరకు కేటాయింపు ఉంటుంది. ఇది మీ చేతికొచ్చే డబ్బు కాదు. పరికరాలు, శిబిరాలు, థెరపీ, బోధన సామగ్రి అన్నీ అందులోంచే. మీ ఖాతాకు వచ్చేవి వేరు. బడికి తీసుకురావడానికి రవాణా భత్యం, వెంట వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం ఉంటాయి. ఆడపిల్లలకైతే నెలకు రూ.200 చొప్పున 10 నెలలు స్టైపెండ్ ఉంటుంది. ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా లేక ఇవి ఆగిపోయే అవకాశం ఉంది, ముందే చూసుకోండి.

వీల్‌చైర్, సీపీ చైర్, కాలిపర్స్, వినికిడి యంత్రాల కోసం అలింకో సంస్థతో కలిసి నిర్ధారణ శిబిరాలు పెడతారు. శిబిరం రోజు కొలతలు తీసుకుంటారు, పరికరం తర్వాత వస్తుంది. ఆలస్యమైతే ఎదిగే వయసులో పిల్లాడికి ఆ కొలత చాలకపోవచ్చు. అలా ఇరుకైన కాలిపర్స్‌ను బలవంతంగా తొడగొద్దు, పుండ్లు పడతాయి. ఐఈఆర్‌పీకి చెప్పి మళ్లీ కొలతలు రాయించండి.

దివ్యాంగుల పింఛనుకు వయసుతో పని లేదు, పిల్లలకూ వస్తుంది. 2023 నుంచి అది నెలకు రూ.4,016. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ నడిపే ‘నిరామయ’ ఆరోగ్య బీమా కూడా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులకూ కొంత పరిమితిలో వస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. మన దగ్గర దీని పేరు విన్నవాళ్లే తక్కువ.

ప్రయాణం సంగతి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. థెరపీకి తల్లి తీసుకెళ్తే చార్జీ కలిసొస్తుంది. తండ్రో తాతో తీసుకెళ్తే కలిసిరాదు. పన్నెండేళ్ల పిల్లాడిని భుజాన వేసుకుని బస్సెక్కాలంటే ఎవరి వల్ల అవుతుందో ఆలోచించండి. అందుకే రవాణా, ఎస్కార్ట్ భత్యాలను చిన్న మొత్తాలని వదులుకోవద్దు.

స్వచ్ఛంద సంస్థల బడులు, సికింద్రాబాద్

మానసిక దివ్యాంగుల కోసం స్వచ్ఛంద సంస్థలు నడిపే ప్రత్యేక పాఠశాలలు కొన్ని జిల్లా కేంద్రాల్లోనూ, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. కేంద్రం దీన్‌దయాళ్ పథకం కింద ఇలాంటి వాటికి నిధులిస్తుంది. బిడ్డను హాస్టల్‌లో వదిలే ముందు వెళ్లి చూడండి. దివ్యాంగుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? టీచర్లకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు సంఖ్య ఉందా? రాత్రిళ్లు ఎవరుంటారు? ఫిట్స్ వస్తే ఏం చేస్తారు? మాట రాని పిల్లలు తమకేం జరిగిందో వచ్చి చెప్పలేరు. తల్లిదండ్రులను ఏ వేళకైనా లోపలికి రానివ్వని చోట ఉంచకపోవడమే మేలు.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ (ఎన్ఐఈపీఐడీ) ఉంది. 1984లో మొదలైంది, పాతవాళ్లకు ఎన్ఐఎంహెచ్ పేరుతో తెలుసు. బిడ్డ స్థితిని అన్ని కోణాల్లో పరీక్షించి, ఇంట్లో ఏం చేయాలో నేర్పిస్తారు. దూరం నుంచి వచ్చే కుటుంబాలు కొన్నాళ్లు ఉండి శిక్షణ పొందేందుకు కుటీరాలున్నాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్లు. ప్రతి వారం వెళ్లిరావడం కష్టమే. ఒకసారి వెళ్లి పూర్తి అంచనా నివేదిక తెచ్చుకోండి. దాన్ని మీ భవిత టీచరుకు ఇస్తే అక్కడ చెప్పిన పద్ధతే ఇక్కడా నడుస్తుంది.

వలస వెళ్లే ఇళ్లు

పాలమూరు నుంచి ముంబై, పుణె వైపు పనులకు వెళ్లే కుటుంబాలు బిడ్డను తాత, నానమ్మల దగ్గర వదులుతాయి. వలస పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టళ్లు ఎత్తుకుని తిప్పాల్సిన పిల్లలను దృష్టిలో పెట్టుకుని పెట్టినవి కావు. వెళ్లే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. యూడీఐడీ కార్డు, వైద్య నివేదికల జిరాక్సులు పెద్దవాళ్ల దగ్గర ఉంచండి. థెరపీ వ్యాయామాలను ఫోన్‌లో వీడియో తీసి ఇవ్వండి. పింఛను ఎవరు తీసుకుంటారో పంచాయతీ కార్యదర్శికి చెప్పండి. బిడ్డను వెంట తీసుకెళ్తే యూడీఐడీ ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. పోయేముందు ‘బడి నుంచి పేరు తీసేయకండి’ అని హెడ్మాస్టరుకు కాగితం మీద రాసి ఇవ్వండి.

ఫిర్యాదు ఎక్కడ?

నోటిమాటతో తిరగొద్దు. చేర్చుకోలేదంటే కారణం రాసివ్వమనండి. చాలాసార్లు ఆ ఒక్క మాటతోనే పని అవుతుంది. కాకపోతే మొదట ఎంఈవో, తర్వాత డీఈవో. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే హైదరాబాద్‌లోని రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయొచ్చు. సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే విషయాల్లో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. వకీలు అవసరం లేదు, తెల్ల కాగితం చాలు. దరఖాస్తులో 16, 31 సెక్షన్ల పేర్లు రాయండి, బడి పేరు, వెళ్లిన తేదీలు రాయండి.

పదో తరగతి దాకా వచ్చిన పిల్లలకు వైకల్యాన్ని బట్టి పరీక్ష రాసే సహాయకుడు, అదనపు సమయం లాంటి వెసులుబాట్లు ఉంటాయి. పరీక్ష ఫీజు కట్టేటప్పుడే దరఖాస్తు పెట్టాలి. రెగ్యులర్ పరీక్ష భారమైతే ఓపెన్ స్కూల్ దారి ఉంది.

పద్దెనిమిది నిండాక చట్టం దృష్టిలో మీ బిడ్డ మేజర్. తనంతట తాను నిర్ణయాలు తీసుకోలేని స్థితిలో ఉంటే, ఆస్తి, బ్యాంకు వ్యవహారాల్లో తల్లిదండ్రుల సంతకం దానంతటదే చెల్లదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధ సంరక్షకులుగా నియామకం పొందాలి. పదిహేడో ఏట నుంచే కాగితాలు సిద్ధం చేసుకోండి: యూడీఐడీ, పుట్టిన తేదీ రుజువు, తల్లిదండ్రుల ఆధార్, తల్లిదండ్రుల్లో ఒకరు లేకపోతే మరణ ధ్రువపత్రం.